యాక్టివేషన్ లాక్
యాక్టివేషన్ లాక్ అనేది పోయిన ఐప్యాడ్, ఐఫోన్ వంటి పరికరాలను ఇతరులు వాడకుండా ఆపిల్ సంస్థ 2013లో ఐఓఎస్ 7తో ప్రవేశపెట్టిన రక్షణ.

పనిచేసే విధానం
'ఫైండ్ మై' సౌకర్యం ఆరంభించగానే పరికరం యజమాని ఖాతాతో ముడిపడుతుంది. ఈ వివరం ఆపిల్ సర్వర్లలో ఉంటుంది కనుక, లోపలి సమాచారమంతా చెరిపివేసినా తాళం తొలగదు. ఆండ్రాయిడ్‌లో ఇటువంటి ఏర్పాటు 2015లో 5.1 వెర్షనుతో వచ్చింది.

కొనుగోలుదారులకు ప్రమాదాలు
ఆన్‌లైనులో చౌకగా అమ్మే తాళం పడిన టాబ్లెట్ దొంగసొత్తు కావచ్చు. పాత యజమాని తన ఖాతానుండి తొలగిస్తే తప్ప అది మామూలుగా వాడుకకు రాదు. యజమాని దూరాన ఉండి కూడా తొలగించగలడు. కనుక డబ్బు చెల్లించక మునుపే ఆ పని చేయించుకోవాలి. తొలి కొనుగోలు రసీదు లేనిదే ఆపిల్ సంస్థ తాళం తీయదు. దొంగసొత్తని తెలిసీ దురుద్దేశంతో తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారం శిక్షార్హం.