మాత్రలు పద్నాలుగు రోజులకి, మేం ఉన్నది నాలుగు రోజులు

2023 సంక్రాంతికి రెండు రోజులు లీవ్ కలుపుకుని ఏజెన్సీకి వెళ్తున్నానంటే మా టీమ్ లీడ్ ‘మారేడుమిల్లా? బొంగులో చికెన్ ఫొటో పెట్టు’ అన్నాడు. చర్చి వాళ్లతో వెళ్తున్నా అనేసరికి ఒక్క క్షణం ఆగి, ‘మతం మార్చడానికా?’ అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. నేనూ నవ్వుతూనే ‘కాదు, ప్రొజెక్టర్ మోయడానికి’ అన్నాను. అబద్ధమేం కాదు. మా టీమ్‌లో టెక్నికల్ అంటే నేనొక్కణ్నే.

మాది రాజమహేంద్రవరం. చిన్నప్పుడు సండే స్కూల్లో మిషనరీ అంటే ఆఫ్రికా అడవి, టోపీ పెట్టుకున్న తెల్లాయన, అంతే. మా ఊరి నుంచి జీపెక్కితే అరపూటలో చేరే అడవి ఒకటుందని ఎవరూ గుర్తుచేయలేదు.

ఇరవై మందిమి, రెండు బండ్లు. దుప్పట్లు, దోమతెరలు, మందులు, జనరేటర్. రంపచోడవరం, మారేడుమిల్లి దాటి, ఘాట్ దిగి చింతూరు వైపు. తారురోడ్డు అయిపోయాక మట్టిరోడ్డు, అదీ అయిపోయాక నడక. మేం వెళ్లింది గుత్తికోయల గూడెం. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం గొడవలకి ఊళ్లు వదిలి ఇటొచ్చి, అడవిలోనే పాకలు వేసుకుని ఉండిపోయినవాళ్లు. కరెంటు లేదు. సిగ్నల్ సంగతి అడక్కండి.

మొదటి గంటలోనే పరువు పోయింది. ఒక ముసలావిడ నన్ను చూసి ‘ఏర్’ అంది. ఏరు ఎక్కడుందో చూపిస్తోందనుకుని చెట్ల వైపు చూశాను. మళ్లీ అదే మాట. చివరికి ఆవిడే లోపలికెళ్లి సొరకాయ బుర్రతో తెచ్చిచ్చింది. కోయలో ఏర్ అంటే నీళ్లట. మనకి ఏరు, వాళ్లకి నీళ్లు. చుట్టాల్లాంటి భాషలే, కానీ దాహం తీర్చుకోవడానికి కూడా నాకు అనువాదం కావాల్సొచ్చింది.

ఇక నేను రెండు రాత్రులు కూర్చుని తయారుచేసిన తెలుగు స్లైడ్ల గతి ఏమైందో చెప్పాలా? రాత్రి 1978 నాటి ‘కరుణామయుడు’ వేశాం. పిల్లలకి సినిమా కంటే జనరేటర్ నచ్చింది. పెద్దవాళ్లు మర్యాద కోసం కూర్చున్నారు. ఎవరికి ఎంత అర్థమైందో దేవుడికే తెలియాలి, నిజంగానే.

అక్కడ మాకు మాట సాయం చేసింది ఒక కోయ బ్రదర్. పక్క మండలం మనిషి, ఆశ్రమ పాఠశాలలో పది దాకా చదివాడు. కొంచెం పొలం, పాత బైకు ఉన్నాయి. ఆదివారాలు నాలుగైదు గూడేలు తిరిగి ప్రార్థన పెడతాడు. మేం వచ్చే ముందు వారం, మేం వెళ్లిపోయిన తర్వాతి వారం కూడా అక్కడుండేది ఆయనే.

మా టీమ్‌లో హౌస్ సర్జన్సీ పూర్తి చేసిన ఒక అక్క ఉంది. జీపులోనే ఆవిడకీ మా పెద్దలకీ వాదన అయింది. ప్రార్థన అయ్యాక మందులిద్దాం అని వాళ్లు. ‘ప్రార్థనకి రానివాళ్లకి జ్వరం రాదా అంకుల్?’ అని ఆవిడ. చివరికి మందుల బల్ల ఒక చెట్టు కింద, ప్రార్థన ఇంకో చెట్టు కింద, మధ్యలో బాగా దూరం. నేను బల్ల దగ్గర కూర్చుని పేర్లు, బీపీలు ఫోన్లో ఎక్కించాను. మా లీడ్ అడిగిన ప్రశ్నకి నా దగ్గరున్న నిజాయితీ గల జవాబు ఆ దూరమే. ప్రార్థన చేయలేదని చెప్పను. చేశాం. కానీ మాత్రకీ దానికీ ముడిపెట్టలేదు.

రెండో రోజు తొమ్మిదేళ్ల పిల్లాణ్ని వాళ్ల నాన్న భుజాన వేసుకొచ్చాడు. చలీ జ్వరం. వేలి నుంచి చుక్క రక్తం తీసి కిట్‌లో వేస్తే పదిహేను నిమిషాల్లో గీత తేలింది. వైవాక్స్ మలేరియా. అక్క ఆరోగ్య కేంద్రానికి కబురుపెట్టి మందు తెప్పించింది. అప్పుడు చెప్పింది నాకు సంగతి. క్లోరోక్విన్ మూడు రోజులు వేస్తే జ్వరం తగ్గిపోతుంది, పిల్లాడు ఆడుకుంటాడు. కానీ ఈ రకం క్రిమి కాలేయంలో దాక్కుంటుంది. నెలల తర్వాత కూడా మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కడ చంపాలంటే ప్రైమాక్విన్ రోజూ వేయాలి, పద్నాలుగు రోజులు. కొందరికి అది పడదు, మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఇదంతా బ్రదర్ కోయలో ఆ నాన్నకి మూడుసార్లు చెప్పాడు.

నేను వేళ్ల మీద లెక్కేసుకున్నాను. మా ట్రిప్పు మొత్తం నాలుగు రోజులు. మరో రెండు రోజులే మిగిలాయి.

అదే సాయంత్రం ఆ ముసలావిడ బ్రదర్‌తో ఏదో అంది. ‘ఎన్ని రోజులుంటారని అడుగుతోంది సార్.’ ఎల్లుండి వెళ్లిపోతాం అన్నాను. ఆవిడ తలూపి దుప్పటి మడతపెట్టుకుంది. సోమవారం పొద్దున్న పదింటికి నాకు స్టాండప్ కాల్ ఉందని కోయలో ఎలా చెప్తారో నాకు తెలీదు.

ఇంటికొచ్చాక, చలిమంట దగ్గర బ్రదర్ అన్న ఒక మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ‘మా పెద్దోళ్లు దుమ్ముగూడెం అయ్యవార్ల గురించి చెప్పేవాళ్లు’ అన్నాడాయన. మన డెల్టాలో మిషన్ పని పాతదే. 1836లో ఇంగ్లండ్ నుంచి రాళ్లు చెక్కే బౌడెన్, చెప్పులు కుట్టే బీర్ నరసాపురం ప్రాంతానికి వచ్చారు. అడవిలోకి వెళ్లిన కథ మాత్రం మా వృత్తివాళ్లతో మొదలైంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక, గోదావరిలో పైదాకా పడవలు నడపాలని సర్కారు ఇంకో ప్రాజెక్టు ఎత్తుకుంది. భద్రాచలం ఎగువన దుమ్ముగూడెంలో ఆ పని చూసిన ఇంజినీరు హేగ్. ఆయనే 1860 ప్రాంతంలో కోయల మధ్య మిషన్ మొదలుకావడానికి కారకుడు. ఆయన కింద పనిచేసే వెంకటరామరాజు అనే తెలుగాయన క్రైస్తవుడై, ఉద్యోగం వదిలేసి కోయల మధ్యే పనిచేశాడు.

పడవల ప్రాజెక్టుని 1871లో సర్కారు ఆపేసింది. డబ్బులు దండగ అనుకున్నారు. మిషన్ మాత్రం ఆగలేదు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకున్నాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల గురించి 1870ల్లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో రాశాడు. వాళ్లంతా దేవదూతలేం కాదు, తెల్లదొరల పాలన నీడలో పనిచేసినవాళ్లే. కానీ నాకు పదేపదే గుర్తొచ్చింది రాజుగారు. ఆఫీసు జీతం వదిలి అడవిలో ఉండిపోయిన మనిషి. నేను సిక్ లీవ్ పెట్టడానికే జంకుతాను.

మూడు వారాలకి బ్రదర్ సిగ్నల్ ఉన్నచోటికి వచ్చి వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. పిల్లాడి ఇంటి మట్టిగోడ మీద బొగ్గుతో గీసిన గీతలు. మాత్ర వేసిన రోజు ఒక గీత. లెక్కపెట్టాను, పదకొండు. మిరప కోతలకని కుటుంబమంతా భద్రాచలం అవతలకి వెళ్లిపోయిందట. మిగతా మూడు మాత్రలు కాగితంలో చుట్టి వాళ్ల నాన్నకిచ్చి పంపాడు. వేశారో లేదో తెలీదు. పదకొండు రోజులూ బైకు మీద వెళ్లింది ఆయనే. మా గ్రూపులో అప్పటికి దుప్పట్ల పంపకం వీడియో, పాటతో సహా, తెగ తిరుగుతోంది. ఎడిట్ చేసింది నేనే.

ఏప్రిల్‌లో, ఈస్టర్ అయ్యాక ఒక శనివారం ఒక్కణ్నే బైకు మీద వెళ్లాను. ప్రొజెక్టర్ లేదు, బ్యానర్ లేదు. గూడెంలో విప్పపువ్వు ఎండబోసి ఉంది. పిల్లాడు చెట్టెక్కి ఉన్నాడు. వాళ్ల నాన్న చూరులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో ఒక మాత్ర మిగిలుంది. దాచిపెట్టాడట, మళ్లీ జ్వరమొస్తే వేద్దామని.

బ్రదర్ వెళ్లి ఆశా కార్యకర్తని తీసుకొచ్చాడు. కిట్‌లో ఒక్క గీతే తేలింది. ఒక్కటే ఉంటే మలేరియా లేనట్టు. అయినా వర్షాలు పడ్డాక మళ్లీ చూడాలని ఆవిడ పుస్తకంలో రాసుకుంది.

ముసలావిడ నన్ను గుర్తుపట్టింది. ఈసారి నేనే ‘ఏర్’ అన్నాను. బుర్ర తెచ్చిచ్చి, బ్రదర్ వైపు తిరిగి ఏదో అడిగింది. అర్థమైపోయింది. ‘రేపు పొద్దున్నే వెళ్లాలి అవ్వా’ అన్నాను. ఆయన కోయలో చెప్పాడు. ఆవిడ నవ్వి, కొంచెం పెద్ద మాటే అంది. ఏమందో ఆయన నాకు చెప్పలేదు.