సముద్ర మత్స్యశాల: వడపోత నిర్ణయము

గాజుగోడల వెనుక రంగురంగుల సముద్రపు చేపలు సంచరించుచుండగా, చూచువారికి నీరు నిర్మలముగానే తోచును. కాని కంటికి తేటగానున్న నీరెల్ల చేపకు హితము కాదు. పెద్ద ఉప్పునీటి తొట్టికి వడపోత సాధనము నెన్నుకొనువారు మొట్టమొదట గ్రహింపవలసిన సత్యమిదియే.

సముద్రములో చేప విసర్జించు మాలిన్యము అపారమగు జలరాశిలో కలిసిపోవును. తొట్టిలో అట్టి అవకాశము లేదు. చేప ముఖ్యముగా మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జించును. తినక మిగిలిన మేత కుళ్లినను అదియే పుట్టును. సముద్రజలము కొంత క్షారగుణము కలది. క్షారగుణము హెచ్చినకొలది అమ్మోనియా విషత్వము హెచ్చును. పైగా ఉప్పునీట ప్రాణవాయువు మంచినీటికంటె తక్కువగా కరగును. కావుననే ఈ తొట్లయందు వడపోత ప్రాణావసరమైనది.

వడపోత యనగా మూడు పనులు. మొదటిది, నీటిలో తేలు మలినమును పట్టుట. ఇసుక, స్పాంజి, దూది వంటివి దీనిని చేయును. అయితే పట్టుబడిన మలినము నీటి దారిలోనే నిలిచియుండును. కడిగి తీసివేయనిచో అక్కడనే కుళ్లును. కాఫీ వడగట్టిన గుడ్డను ఉతుకకయే మరునాడు వాడు గృహిణి యుండదు గదా!

రెండవది సూక్ష్మజీవుల పని. ఇట్టి జీవులను నేలనుండి వేరుచేసి, వాని స్వభావమును రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాద్‌స్కీ 1890లో వివరించెను. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మరియొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. ఇది చేపలకు చాలవరకు సహ్యము. ఈ జీవులు రంధ్రములుగల రాళ్లమీదను, గులకలమీదను నివాస మేర్పరచుకొని తగినంతగా వృద్ధి చెందుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అంతవరకు తొట్టినిండ చేపలు వేయరాదు.

మూడవది నురుగు తీయుట. కడలి యొడ్డున అలలతోపాటు నురుగు పేరుకొనుట మన మెరిగినదే. నీటిలో కరిగిన మాంసకృత్తులు గాలిబుడగలను అంటిపెట్టుకొని పైకి వచ్చును. ఉప్పునీట బుడగలు మిక్కిలి సన్నముగా నేర్పడుటచే ఈ పద్ధతి అందు చక్కగా సాగును. మాలిన్యము కుళ్లి అమ్మోనియాగా మారకముందే బయటికి పోవుట దీని విశేషము.

ఇక పెద్ద సంస్థలు ఏమి చేసినవో చూతము. లండనులోని క్రిస్టల్ పాలెస్ మత్స్యశాలకు 1871లో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్, తొట్లలోని నీటికంటె అనేక రెట్లు నీరు పట్టు చీకటి జలాశయమును నేలక్రింద నిర్మించి, నీటిని ఎడతెగక తిరుగునట్లు చేసెను. కాలిఫోర్నియాలోని మాంటరే తీరమున 1984లో తెరచిన మత్స్యశాల ప్రక్కనున్న అఖాతమునుండియే నీరు తోడుకొనును. అందు 28 అడుగుల యెత్తుగల నాచువనపు తొట్టికి పగలు వడగట్టిన నీటిని, రాత్రులు వడగట్టని నీటిని పంపుదురు. పగటి నీరు ప్రేక్షకులకొరకు. రాత్రి నీటిలోని సూక్ష్మజీవరాశి తొట్టిలోని ప్రాణులకొరకు. సముద్రమునకు దూరమైన అట్లాంటా నగరమున 2005లో తెరచిన మత్స్యశాలకు ఆ సౌకర్యము లేదు. అక్కడ కుళాయినీట లవణములు కలిపి, ఇసుక వడపోతతోను, నురుగు యంత్రములతోను, ఓజోను వాయువుతోను శుద్ధిచేసి, ఆ నీటినే మరల మరల వాడుదురు.

దీనినిబట్టి గృహస్థు తన్ను తాను ప్రశ్నించుకొనవలసినవి నాలుగు: నీరు ఎక్కడిది? అందు నివసించున దెవరు? రోజునకు మేత యెంత? విద్యుత్తు నిలిచిన ఏమగును?

వేయి లీటర్ల తొట్టి ననుకొందము. లీటరునకు సుమారు 35 గ్రాముల వంతున 35 కిలోల లవణము కావలెను. పోగైన నైట్రేటును తగ్గించుటకు పదవవంతు నీరు మార్చినప్పుడెల్ల మూడున్నర కిలోలు వ్యయమగును. చేపలు మాత్రమే యున్నచో రాళ్లు, నురుగుయంత్రము, తరచు కడుగు స్పాంజి చాలును. పగడపు జీవులున్నచో నైట్రేటును మరింత తక్కువగా నుంచవలెను.

నాలుగవ ప్రశ్న మనకు ముఖ్యము. మూత బిగించిన వడపోత పాత్రలో నీటి ప్రవాహము కొన్ని గంటలు ఆగినచో ప్రాణవాయువు తరిగి సూక్ష్మజీవులు నశించును. దానిని కడుగకయే మరల నడిపినచో చెడిన నీరు తొట్టిలోనికి వచ్చును. గాలి తగులుచు రాళ్లమీదుగా నీరు జారు ఏర్పాటు ఇట్టి సమయమున మేలు. అయితే ప్రవాహ మాగినప్పుడు పైనుండి దిగు నీటిని పట్టుటకు క్రింది తొట్టిలో చోటుండవలెను. ఘటముతో పనిచేయు చిన్న గాలిపంపును సిద్ధముగా నుంచుట తప్పనిసరి.

వెల హెచ్చైన యంత్రమును కొని మేతను మితిమీరి వేయుటకంటె, సామాన్య సాధనముతో కొలది చేపలను పెంచుట శ్రేయమని మా అభిప్రాయము. సముద్రమునుండి తెచ్చిన ప్రాణికి మన మిచ్చు కడలి ఆ నాలుగు గాజుపలకల నడుమ నీరే. దాని మంచిచెడ్డలకు మనమే పూచీదారులము.