అంబలి పుల్లగా ఉంటే చాలా? నేను చేసిన తప్పు, దాని వెనక సైన్స్

ఈరోజు టాపిక్ అంబలి. ఎండాకాలం వస్తే చాలు, రీల్స్ నిండా ఇదే కదా: రాత్రి పులియబెట్టండి, పొద్దున్నే తాగండి, ఒళ్లు చల్లబడుతుంది అని. నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఆ రీల్స్ చూసే రూమ్‌లో చేశా. తాగిన రెండు గంటలకి వాంతులు. ఆ రాత్రంతా బాత్రూమ్‌కీ మంచానికీ మధ్య తిరగడమే సరిపోయింది.

ఏం చేశానో చెప్తా. రాత్రి పదింటికి కుక్కర్ నిండా రాగి జావ చిక్కగా కాచి, మూత పెట్టి పడుకున్నా. పొద్దున్నకి పులవలేదు. సాయంత్రం దాకా అలాగే వదిలేశా. అప్పటికి కొంచెం పుల్ల వాసన వచ్చింది. ఎందుకైనా మంచిదని ఇంకోసారి మరిగించి, చల్లార్చి తాగేశా. మరిగించాక ఇంకేం అవుతుందిలే అని ధైర్యం!

మర్నాడు శ్రీకాకుళంలో ఉన్న అమ్మమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ అడిగింది ఒక్కటే ప్రశ్న: "నిన్నటి అంబలి ఓ గరిటెడు కలిపావేటిరా?" కలపలేదు. తర్వాత చదివితే అర్థమైంది, ఆ గరిటెడులోనే అసలు సేఫ్టీ ఉందని.

ఎలాగంటే, పిండిలో లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా సహజంగానే ఉంటుంది. పులుపు ఇచ్చేది అదే. జావ కాచామా, అది చచ్చిపోతుంది. కానీ ధాన్యంలో, మట్టిలో మామూలుగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే ఇంకో బ్యాక్టీరియా గట్టి పెంకు లాంటి స్పోర్‌గా మారి, మరిగే నీళ్లలో కూడా బతికేస్తుంది. మూత కింద జావ మెల్లగా చల్లారుతుంటే దానికి పోటీ లేదు, తిండికి లోటు లేదు. పెరిగి టాక్సిన్ వదులుతుంది. ఆ టాక్సిన్ 121 డిగ్రీల వేడిలో గంట ఉంచినా పోదు. మన స్టవ్ మీద నీళ్లు మరిగేది 100 డిగ్రీలకే. అది కడుపులోకి వెళ్లిన అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. నాకు జరిగింది అచ్చం ఇలాగే ఉంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి రేస్ కండిషన్ అంటే తెలుసు కదా, ఎవరు ముందొస్తే వాళ్లదే ఆట. ఇదీ అంతే. గరిటెడు పాత అంబలో, పుల్ల మజ్జిగో కలిపితే మంచి బ్యాక్టీరియా కోట్లలో ముందే దిగిపోతుంది. త్వరగా పులుపు ఎక్కిస్తుంది. ఆ పులుపులో చెడ్డది పెరగలేదు. అంటే పులవడం ఒక్కటే కాదు, ఎంత త్వరగా పులిసిందన్నది ముఖ్యం.

ఇప్పుడు ఎలా చేయాలో చూద్దాం. కాచిన జావని వెడల్పు గిన్నెలోకి మార్చి త్వరగా చల్లార్చండి. గోరువెచ్చగా అయ్యాక లీటరుకి ఓ గరిటెడు పుల్ల మజ్జిగ కలపండి. గిన్నె స్టీలుదో మట్టిదో ఉండాలి. పులుపుకి అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి కరుగుతాయి. మూత వదులుగా పెట్టండి. బాటిల్‌లో పోసి బిగించారో, గ్యాస్ పట్టి పేలుతుంది. వేసవిలో 8 నుంచి 10 గంటలు చాలు. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి ఒక రోజులో తాగేయండి. డౌట్ ఉంటే పీహెచ్ స్ట్రిప్ ముంచి చూడండి, 4.6 కంటే తక్కువ ఉండాలి. బూజు కనిపించినా, జిగురుగా తీగలు సాగినా మొత్తం పారబోయండి. పైది తీసేసి తాగడాలు వద్దు.

ఇంకో మాట. పిండే పాడైపోతే ఏ మజ్జిగా కాపాడదు. 2015 జనవరిలో మొజాంబిక్‌లోని చితిమాలో, మొక్కజొన్న పిండితో ఇంట్లో చేసిన పోంబే అనే బీరు తాగి 75 మంది చనిపోయారు. మొదట మొసలి పిత్తం కలిపారని పుకారు లేచింది. టెస్టుల్లో తేలింది మాత్రం బాంగ్‌క్రెకిక్ యాసిడ్ అనే విషం. పాడైన పిండిలో ఒక బ్యాక్టీరియా తయారుచేసే విషం అది. అదీ మరిగిస్తే పోయేది కాదు. అందుకే తడి తగిలిన పిండి, ముక్కిపోయిన పిండి కిలో ఉన్నా సరే, పారేయండి.

మరి లాభాలు? ఉన్నాయి. పులియబెడితే ఫైటేట్ తగ్గి, ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. రాగుల్లో 100 గ్రాములకి దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కానీ గ్లాసు అంబలిలో పడే పిండి 30 గ్రాములు అనుకుంటే, వచ్చేది 100 పైచిలుకే. పులిసిన పిండిని పొద్దున కాచే పద్ధతిలో చేస్తే బతికున్న బ్యాక్టీరియా ఉండదు, చల్లారాక మజ్జిగ కలిపితేనే వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోండి, పులిసినా అందులో పిండి పదార్థం అలాగే ఉంటుంది. గర్భిణులు, పసిపిల్లలు, ఇమ్యూనిటీ తక్కువ ఉన్నవాళ్లకి అప్పటికప్పుడు కాచిన జావే ఇవ్వండి.

నేను ఇప్పటికీ అంబలి తాగుతున్నా. కాకపోతే ప్రతి రాత్రీ ఓ గరిటెడు పక్కన తీసి ఉంచుతున్నా. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏం కలుపుతారో ఒకసారి అడిగి, కింద కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.