క్రీడా శిక్షకుల నాయకత్వం

క్రీడా శిక్షకుల నాయకత్వం అనగా ఆటలోని మెళకువలు నేర్పడంతో పాటు క్రీడాకారులను ఒక లక్ష్యం వైపు నడిపించడం, గెలుపు ఓటములలో వారి పట్టుదల సడలకుండా చూడడం. తెలుగు వాడుకలో శిక్షకుడిని "కోచ్" అనే పిలుస్తారు. హైదరాబాదు నగరంలో అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలలో "కోచింగ్" అనగానే మైత్రీవనం చుట్టుపక్కల ఉన్న సాఫ్ట్‌వేర్ శిక్షణా కేంద్రాలు, పోటీ పరీక్షల తరగతులు గుర్తుకు వస్తాయి. ఆ కోచింగ్‌లో రుసుము చెల్లించి, నిర్ణీత కాలంలో పాఠ్యాంశం పూర్తిచేసుకుని వెళ్ళిపోతారు. క్రీడలలో శిక్షకుడికీ శిష్యుడికీ మధ్య సంబంధం ఇందుకు భిన్నమైనది. అది చాలా సందర్భాలలో పది పన్నెండేళ్ళు కొనసాగుతుంది. శిష్యుడి తిండి, నిద్ర, స్నేహాలు, చదువు కూడా శిక్షకుడి అధీనంలోకి వస్తాయి. అందువలన శిక్షకుడి అధికారం ఎంతవరకు ఉండాలన్నది ఈ విషయంలో ప్రధానమైన ప్రశ్న.

పంజాగుట్ట నుండి ఖైరతాబాదు మీదుగా బషీర్‌బాగ్ వెళితే లాల్ బహదూర్ స్టేడియం వస్తుంది. దీని పాత పేరు ఫతే మైదాన్. 1967లో ఇప్పటి పేరు పెట్టారు. అమీర్‌పేటకు మరొక పక్కన యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం ఉంది. ఇంకా పడమరగా వెళితే గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ ఉంది. భారతదేశపు క్రీడా చరిత్రలో పేరు పొందిన శిక్షకులలో కొందరు ఈ నగరంలోనే పనిచేశారు.

సయ్యద్ అబ్దుల్ రహీం

శిక్షకుడి నాయకత్వానికి హైదరాబాదులో మొదట చెప్పుకోదగిన ఉదాహరణ సయ్యద్ అబ్దుల్ రహీం (1909 - 1963). ఇతడు వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. అందరూ "రహీం సాబ్" అని పిలిచేవారు. 1943 నుండి మరణించేవరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును గెలుచుకున్నది. కలకత్తా జట్ల ఆధిపత్యం నడిచిన ఆ రోజులలో ఇది సామాన్యమైన విషయం కాదు.

రహీం విద్యార్థుల మనస్తత్వం తెలిసిన ఉపాధ్యాయుడు. అతని పద్ధతులలో ఉపన్యాసం కంటే ఆట నియమాలను మార్చడం ఎక్కువగా కనిపిస్తుంది. బంతిని కాలితో తిప్పుకుంటూ పోవడం నిషేధించి పోటీలు పెట్టేవాడు. దానితో ఆటగాళ్ళు బంతిని వెంటనే తోటివాడికి అందించడం నేర్చుకున్నారు. వాటం లేని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు కూడా పెట్టేవాడు. ఎడమ కాలు బలహీనంగా ఉందని ఒక కుర్రవాడిని పదిమందిలో మందలించడం కంటే, అందరూ ఎడమ కాలితోనే తడబడే ఆటలో వాడిని నిలబెట్టడం మేలైన పద్ధతి. ఇందులో ఎవరికీ అవమానం లేదు, నేర్చుకోవడం మాత్రం జరుగుతుంది.

సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ప్రతిభను గుర్తించినది రహీం. పేద కుటుంబంలో పుట్టిన బలరాంకు రోజూ సాధనకు రావడమే కష్టమైతే, సైకిలు అద్దెకు రహీం డబ్బు ఇచ్చేవాడు. ప్రేరణ గురించి మాట్లాడేవారు మాటల శక్తిని ఎక్కువగా చెబుతారు గానీ, చాలామంది బీద క్రీడాకారులకు మొదట కావలసినది దారి ఖర్చులే. బలరాం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టులో ఆడాడు. రహీం శిక్షణలో ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరకు నాలుగవ స్థానం పొందింది. నాలుగేళ్ళ ముందు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిపోయినది కూడా భారత జట్టే. అప్పటి ఆటగాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి.

జకార్తా, 1962

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలనాటికి రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. మొదటి మ్యాచ్‌లో భారత్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. థాయిలాండ్‌పై గెలిచిన రెండవ మ్యాచ్‌లో రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. పైగా ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆహ్వానించకపోవడంపై గురుదత్ సోంధీ అభ్యంతరం తెలిపినందున స్థానిక ప్రేక్షకులు భారతీయుల మీద ఆగ్రహంగా ఉన్నారు.

ఈ పరిస్థితిలో రహీం జర్నైల్ సింగ్‌ను సెమీఫైనల్‌లో రక్షణ నుండి తప్పించి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. జర్నైల్ కళాశాల రోజులలో ఆ స్థానంలో ఆడినవాడే. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3-2 తేడాతో గెలిచిన మ్యాచ్‌లో అతడొక గోలు చేశాడు. ఫైనల్‌కు ముందు రాత్రి రహీం ఆటగాళ్ళను సమావేశపరచి, బంగారు పతకాన్ని తనకు కానుకగా ఇమ్మని కోరినట్లు ఆ జట్టువారు తరువాత చెప్పారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో పి.కె.బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేయగా భారత్ దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించింది. రహీం 1963 జూన్ 11న మరణించాడు. ఆ తరువాత ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు మళ్ళీ బంగారు పతకం గెలవలేదు.

ఈ ఉదంతాన్ని తరచుగా ఆ రాత్రి మాటల మహిమగా చెబుతారు. అది సగం నిజమే. పన్నెండేళ్ళు వెంట ఉండి, ఒక్కొక్కరి బలం ఎరిగిన మనిషి అడిగాడు కాబట్టే ఆ మాట పనిచేసింది. జర్నైల్ స్థానం మార్చాలన్న ఆలోచన కూడా ఆ ఎరుక నుండే వచ్చింది. మరొక విషయం కూడా చెప్పాలి. తలకు కుట్లు పడిన ఆటగాడిని మైదానంలోకి దింపడం నేటి వైద్య ప్రమాణాల ప్రకారం సమర్థించడం కష్టం. గెలిచినందువలన ఆ ప్రశ్న మరుగున పడింది.

పరిశోధనలు

ఈ విషయంపై శాస్త్రీయ పరిశీలనలు ప్రధానంగా 1970ల నుండి జరిగాయి. అమెరికాలో ప్రసిద్ధ బాస్కెట్‌బాల్ శిక్షకుడు జాన్ వుడెన్ సాధన తరగతులను 1974-75లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరిశీలించారు. అతని మాటలలో సగం వరకు ఏమి చేయాలి, ఎలా చేయాలి అన్న స్పష్టమైన సూచనలే. పొగడ్తలు చాలా తక్కువ. భారతీయ పండితుడు ప్యాకియనాథన్ చెల్లదురై, సలే అనే పరిశోధకుడితో కలిసి 1980లో శిక్షకుల ప్రవర్తనను అయిదు విధాలుగా విభజించాడు: శిక్షణ, అందరి అభిప్రాయం తీసుకోవడం, తానే నిర్ణయించడం, ఆదరణ, మెచ్చుకోలు. ఏది ఎంత పాళ్ళలో ఉండాలన్నది క్రీడను, ఆటగాళ్ళ వయసును, సందర్భాన్ని బట్టి మారుతుందని ఈ సిద్ధాంతం చెబుతుంది. 1992లో ప్రచురితమైన మరొక అధ్యయనం పిల్లల బేస్‌బాల్ జట్లకు సంబంధించినది. పిల్లలను ప్రోత్సహించే విధానంలో తర్ఫీదు పొందిన శిక్షకుల వద్ద మరుసటి ఏడాదికి 5 శాతం పిల్లలు ఆట మానేయగా, తర్ఫీదు లేనివారి వద్ద 26 శాతం మానేశారు. రెండు వర్గాల జట్ల గెలుపు ఓటములలో చెప్పుకోదగిన తేడా లేదు.

పుల్లెల గోపీచంద్

ప్రకాశం జిల్లాకు చెందిన గోపీచంద్ హైదరాబాదులో ఎస్.ఎం.ఆరిఫ్ వద్ద శిక్షణ పొందాడు. మోకాలి శస్త్రచికిత్సల తరువాత 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. అకాడమీ నిర్మాణానికి సొంత ఇంటిని తాకట్టు పెట్టాడు. శిష్యులను తెల్లవారుజామున రమ్మని తాను ఆలస్యంగా వచ్చే శిక్షకుడు కాదు. వారికంటే ముందే కోర్టులో ఉండేవాడు.

పి.వి.సింధు చిన్నతనంలో మెతకగా ఉండేది. కోర్టు మధ్య నిలబడి గట్టిగా అరిచేవరకు రాకెట్టు పట్టుకోనివ్వనని గోపీచంద్ పట్టుబట్టాడు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు ఆమె సెల్‌ఫోను తీసుకున్నాడు, ఐస్‌క్రీం మాన్పించాడు. ఆమె రజతం గెలిచాక రెండూ తిరిగి అనుమతించాడు. ఈ కఠినత్వాన్ని పత్రికలు మెచ్చుకున్నాయి. అయితే ఎన్నో ఏళ్ళ నమ్మకం మీద, ఒక ప్రత్యేక లక్ష్యం కోసం ఇరువురి అంగీకారంతో జరిగిన పనిని మామూలు పాఠశాల శిక్షకుడు పన్నెండేళ్ళ పిల్లల మీద అనుకరించడం తగదు.

పేరు పెరిగిన కొద్దీ శిక్షకుడికి కొరవడేది సమయం. లాల్ బహదూర్ స్టేడియంలో నాని ప్రసాదరావు గుర్తించిన సైనా నెహ్వాల్, గోపీచంద్ శిక్షణలో 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. అకాడమీలో అగ్రశ్రేణి క్రీడాకారుల సంఖ్య పెరిగాక, 2014లో ఆమె బెంగళూరు వెళ్ళి విమల్ కుమార్ వద్ద చేరింది. 2015లో ప్రపంచ ప్రథమ ర్యాంకు పొందింది. 2017లో తిరిగి గోపీచంద్ వద్దకు వచ్చింది. సింధు కూడా తరువాత విదేశీ శిక్షకులతో పనిచేసింది; 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినప్పుడు ఆమె శిక్షకుడు దక్షిణ కొరియాకు చెందిన పార్క్ టే-సాంగ్.