ఎలుకకు వచ్చిన ఇమ్యూనిటీ మన పిల్లలకెందుకు రాదు?

బాన్సువాడ వైపు గొర్రెలకు నట్టల మందు ఎట్లా మళ్లీ మళ్లీ తాపుతారో, బడి పిల్లలకు నులిపురుగుల గోళీ కూడా అట్లాగే. 2015లో మొదలైన కార్యక్రమం ఇది. 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకు సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఆల్బెండజోల్ ఇస్తారు. 'మొన్ననే వేసుకున్నా కదా, మళ్లీ ఎందుకు?' అని మీ తమ్ముడు అడిగితే కసురుకోకండి. మంచి ప్రశ్నే. ఆటలమ్మ ఒకసారి పోస్తే చాలామందికి మళ్లీ రాదు. మరి పురుగులు?

దీనికి జవాబు ఎక్కువగా ల్యాబ్ ఎలుకల దగ్గరే దొరికింది. నిప్పోస్ట్రాంగిలస్ అనే పురుగు ఎలుక చర్మంలోంచి దూరి, రక్తంలో ఊపిరితిత్తులకు చేరి, అక్కణ్నుంచి గొంతులోకి ఎక్కి, మింగుడుపడి పేగులో తేలుతుంది. మనుషుల కొంకిపురుగుదీ ఇదే రూటు. కానీ ఎలుక ఊరుకోదు. పేగు గోడలో టఫ్ట్ కణాలని ఉంటాయి. పురుగు వచ్చిందని ముందు పసిగట్టేది అవే. 2016లో గానీ ఈ సంగతి బయటపడలేదు. అవి సిగ్నల్ ఇవ్వగానే పేగులో జిగురు ఊరుతుంది, నీరు చేరుతుంది, కండరాలు గట్టిగా కదులుతాయి. దాదాపు రెండు వారాల్లో పురుగులు బయటికి! రెండోసారి వస్తే ఇంకా తొందరగా సాగనంపుతుంది.

అన్ని పురుగులూ ఇంత అమాయకమైనవి కావు. హెలిగ్మోసోమోయిడెస్ అనేది చిట్టెలుక పేగులో నెలల తరబడి తిష్ఠ వేస్తుంది. మన ఒంట్లో రక్షణ వ్యవస్థను చల్లబరిచే ప్రొటీన్ ఒకటుంది కదా, దాని డూప్లికేట్‌ను తనే తయారుచేసి వదులుతుంది. నకిలీ ఐడీ కార్డుతో గేటు దాటినట్టే! అయితే మందు వేసి ఆ పురుగుల్ని తీసేశాక మళ్లీ ఎక్కిస్తే, చిట్టెలుక ఈసారి గట్టిగా ఎదిరిస్తుంది.

పిల్లల్లో తేడా వచ్చేది ఇక్కడే. గోళీతో కడుపు శుభ్రమైనా, కొన్ని నెలలకే మళ్లీ పురుగులు చేరడం మామూలే. డోసుకూ ఇందులో పాత్ర ఉండొచ్చు. ట్రైకూరిస్ అనే పురుగు గుడ్లు ఒకేసారి బోలెడు ఇస్తే చిట్టెలుక తరిమేస్తుంది, కొద్దిగా ఇస్తే అవి లోపలే సెటిలైపోతాయి. మన పిల్లలకు మట్టి చేతుల నుంచి అందేది ఎక్కువగా ఆ 'కొద్దిగా'నే.

గొర్రెల రక్తం తాగే ఒక పురుగుకు 2014లో ఆస్ట్రేలియాలో టీకా వచ్చింది. మనుషుల పేగు పురుగులకు ఇంకా రాలేదు. ఆల్బెండజోల్ ఫోన్‌లో క్యాష్ క్లియర్ చేయడం లాంటిది, ఫైర్‌వాల్ కాదు. ఉన్నవాటిని తీసేస్తుంది, కొత్తవాటిని ఆపదు. వాటిని ఆపాల్సింది కాళ్లకు చెప్పులు, తినేముందు సబ్బు, ఇంట్లో వాడే మరుగుదొడ్డి.