డిక్కీని కత్తిరించిన పన్ను

సిద్దిపేట మీదుగా సాగే రాజీవ్ రహదారిపై తరచూ కనిపించే తెల్ల ట్యాక్సీల్లో మారుతీ డిజైర్ ఒకటి. పక్కనుంచి చూస్తే డిక్కీ సగంలోనే ఆగిపోయినట్టు పొట్టిగా ఉంటుంది. ఆ కోత పెట్టింది కేంద్ర బడ్జెట్.

2006లో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. షరతులు రెండు: పొడవు 4 మీటర్లు దాటకూడదు, ఇంజిన్ పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకూడదు. 2008 ఆరంభంలో టాటా ఇండిగో సీఎస్ ఆ కొలతలో ఇమిడిన తొలి సెడాన్‌గా వచ్చింది. అదే ఏడు మార్చిలో వచ్చిన తొలి డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు. రాయితీ అందలేదు. దాంతో 2012లో దాన్ని 3995కు కుదించారు. దెబ్బ డిక్కీకే తగిలింది: 440 లీటర్ల చోటు 316కు పడిపోయింది.

2017లో పొడవు ముట్టుకోకుండా వెడల్పును 40 మిల్లీమీటర్లు పెంచారు. డిక్కీ 378 లీటర్లయింది. అన్నిటికంటే చౌక మోడల్‌కూ రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ వచ్చాయి.

రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చిందనుకోండి. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి జారుతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పినా మాట వినదు. ఏబీఎస్ ఉంటే ప్రతి చక్రం వేగాన్నీ సెన్సర్ కనిపెడుతుంది. ఏ చక్రమైనా బిగుసుకోబోతే ఏబీఎస్ దానికి వెళ్లే బ్రేకు ఒత్తిడిని క్షణంలో సడలించి, మళ్లీ పెంచుతుంది. సెకనుకు ఎన్నోసార్లు జరిగే ఈ పనికి పెడల్ కాలికింద గడగడలాడుతుంది. కంగారుపడి కాలు తీయొద్దు. తొక్కే ఉంచి, స్టీరింగ్ తిప్పి మందను తప్పించాలి.

2024 నవంబరులో వచ్చిన నాలుగో తరంలో ఎయిర్‌బ్యాగులు ఆరు. పెద్దల భద్రతకు, కార్లను గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ అయిదు నక్షత్రాలిచ్చింది. పొడవు మాత్రం అదే 3995. 2025 సెప్టెంబరులో మారిన జీఎస్టీలోనూ 4 మీటర్ల గీత చెరగలేదు: ఆ గీత లోపల, ఇంజిన్ పరిమితి దాటని పెట్రోలు కారుకు 18 శాతం, దాటితే 40.

సీఎన్‌జీ మోడల్‌లో గ్యాస్ సిలిండర్ డిక్కీలోనే కూర్చుంటుంది. ఇంటిల్లిపాదీ సామానుతో కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోయేవాళ్లు మైలేజీ అడిగే ముందు డిక్కీ తెరిచి చూసుకోవాలి.