చిక్కులెక్క

అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని సామెత. ఆకలి వేసినపుడు ఈ మాటను పాటించు బాలుడు లెక్క చిక్కుపడినపుడు దానిని మరచిపోవును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో గణితమనిన జంకి, అడుగుటకు సిగ్గుపడి, పరీక్షలో చిక్కులెక్కను విడిచివచ్చు విద్యార్థులు కలరు. మరికొందరు జవాబుల పుస్తకమును తెరచి లెక్కను మక్కికి మక్కిగా ఎత్తివ్రాసికొందురు. నేడు చేతిలోని ఫోనునందును జవాబు క్షణములో దొరకును. కాని పరీక్షాపత్రమున అంకెలు కొంచెము మారినచో ఎత్తివ్రాసిన జవాబు అక్కరకు రాదు. మొదటివారు సాయము నడుగక నష్టపోవుదురు; రెండవవారు అడుగవలసిన రీతి తెలియక నష్టపోవుదురు.

ఈ నష్టము చిన్నది కాదు. శ్రీకాకుళము చెంత ఎచ్చెర్ల మండలమున నున్న ట్రిపుల్ ఐటీ వంటి విద్యాలయములు పదవ తరగతి మార్కులను బట్టి గ్రామీణ విద్యార్థులను చేర్చుకొనుచున్నవి. పేదయింటి బిడ్డకు ఒక్కొక్కప్పుడు ఒక్క లెక్కయే ముందరి త్రోవను నిర్ణయింపవచ్చును.

విద్య నాలుగు పాళ్ళుగా లభించునని మన పూర్వులు చెప్పిరి. ఒక పాలు గురువు వలన, ఒక పాలు స్వబుద్ధి వలన, ఒక పాలు తోడి విద్యార్థుల వలన, మిగిలిన పాలు కాలక్రమమున అబ్బునట. చిక్కులెక్కను సాధించుటకును ఈ నాలుగు పాళ్ళును కావలెను. ఒక ఉదాహరణమును తీసికొని ఈ విషయమును పరిశీలింతము.

ఒక బస్సు విజయనగరమునుండి శ్రీకాకుళమునకు గంటకు 30 కిలోమీటర్ల వేగముతో వెళ్ళి, అదే త్రోవను గంటకు 60 కిలోమీటర్ల వేగముతో తిరిగివచ్చెను. మొత్తము ప్రయాణమునకు సగటు వేగమెంత?

విద్యార్థి చటుక్కున 30ని, 60ని కూడి, సగము చేసి, 45 అని వ్రాయును. పుస్తకము చివర జవాబు 40 అని యుండును. ఇక్కడనే అతడు చతికిలబడును. “ఈ లెక్క నాకు రాదు” అని ఉపాధ్యాయునితో ననుట సాయము నడుగుట కాదు. వైద్యునికడకు పోయి “ఒంట్లో బాగులేదు” అని యూరకుండినవానికి మందెట్లు దొరకును? నొప్పి ఎచ్చటనో చెప్పవలెను గదా!

కనుక మొదటి పాలు స్వబుద్ధిది. విద్యార్థి కలము చేతబట్టి మూడు మాటలు వ్రాసికొనవలెను: ఇచ్చినదేమి? అడిగినదేమి? ఈయనిదేమి? ఇచ్చినవి రెండు వేగములు. అడిగినది సగటు వేగము. సగటు వేగమనగా మొత్తము దూరమును మొత్తము కాలముచే భాగింపగా వచ్చునది. ఈయనిది దూరము. ఇంతవరకు వచ్చిన విద్యార్థికి సందేహము తేటపడును: “దూరము తెలియనిదే కాలమును కనుగొనుటెట్లు?” ఇదియే అడుగదగిన ప్రశ్న. ఈ ప్రశ్న చేతికి వచ్చినచో లెక్కలో సగము తీరినట్లే. హంగరీ దేశమున జన్మించి అమెరికాలో ఆచార్యుడైన జార్జి పోల్యా అను గణితవేత్త 1945లో లెక్కలు సాధించు విధమును గూర్చి ఒక గ్రంథమును వెలువరించెను. లెక్కను గ్రహించుట, ఉపాయమును పన్నుట, దానిని నడపుట, వెనుదిరిగి సరిచూచుట అని ఆయన నాలుగు మెట్లు చెప్పెను. మొదటి మెట్టు ఎక్కకయే రెండవదానికై ఎగురుటయే పెక్కుమంది చేయు పొరపాటు.

రెండవ పాలు తోడి విద్యార్థులది. ప్రక్క బల్లపై నున్న బాలిక “దూరము 60 కిలోమీటర్లనుకొని చూడరాదా?” అనును. పోవుటకు 2 గంటలు, వచ్చుటకు 1 గంట. మొత్తము 120 కిలోమీటర్లు 3 గంటలలో. సగటు 40. వేరొకడు “ఆ రెండు పట్టణముల నడుమ దూరము 70 కిలోమీటర్ల వరకుండును, దానితో చూతము” అనును. 140 కిలోమీటర్లు మూడున్నర గంటలలో, మరల 40! ఈ సంభాషణ వలన ఒక్కొక్కరికి తోచనిది అందరికి తెలియును.

తనకంటె చిన్నవానిని అడుగుట అవమానమని కొందరు తలచెదరు. శ్రీకాకుళ ప్రాంతమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు ఉపాధ్యాయులై యుండియు, సవర భాష నేర్వదలచి, ఆ భాష తెలిసినవానిని తమ యింటనే యుంచుకొని నేర్చుకొనిరి. పిమ్మట ఆ భాషకు వ్యాకరణమును, నిఘంటువును రచించిరి. తెలియనిది తెలిసినవాని నడుగుటలో చిన్న పెద్ద తారతమ్యము లేదు.

మూడవ పాలు గురువుది. ఏ దూరమనుకొన్నను 40 ఏల వచ్చును? దీనికి ఉపాధ్యాయుడు దారి చూపును. దూరమును ‘ద’ అనుకొన్నచో పోవు కాలము ద/30, వచ్చు కాలము ద/60, మొత్తము ద/20. 2ద ను ద/20 చే భాగింపగా ‘ద’ కొట్టివేయబడి 40 మిగులును. 45 ఏల తప్పో అప్పుడు బోధపడును: బస్సు నెమ్మదిగా నడచిన కాలము, వేగముగా నడచిన కాలమునకు రెట్టింపు. కావున సగటు 30 వైపునకు ఒరిగినది. జవాబును మాత్రమే అడిగినవానికి 40 అను అంకె దొరకును. కారణము నడిగినవానికి ఇట్టి లెక్కలన్నియు దొరకును.

మంచి ప్రశ్న గురువునకును మేలు చేయును. విశాఖపట్టణమున ఎ.వి.ఎన్. కళాశాలలోను, పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను చదివిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు కలకత్తాలో సాంఖ్యక శాస్త్రమును బోధించుచుండిరి. పెద్ద నమూనాలకు చెల్లు ఒక ఫలితమును వివరింపగా, ఒక విద్యార్థి లేచి “ఇది చిన్న నమూనాలకు చెల్లదా?” అని యడిగెను. రావుగారు కసరుకొనలేదు. ఆ రాత్రి కూర్చుండి సాధించి, మరునాడు తరగతిలో జవాబు చెప్పిరి. 1945లో ప్రకటితమైన ఆ ఫలితమే నేడు క్రామర్–రావు అసమానత యని లోకమున ప్రసిద్ధమైనది. 2023లో, 102 ఏండ్ల వయస్సున, ఆయన అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమానమును పొందిరి. ఆ కీర్తికి మూలములలో ఒకటి, జంకక లేచి నిలిచిన ఒక విద్యార్థి సందేహము!

నాలుగవ పాలు కాలముది. సాయము పొందిన లెక్కను ఆ పూటయే మరచిపోరాదు. మరునాడు పుస్తకము మూసి, ఒంటరిగా మరల చేయవలెను. వారము గడచిన పిదప అంకెలు మార్చి, గంటకు 20, 30 కిలోమీటర్లుగా చేయవలెను. 24 వచ్చినచో లెక్క వంటబట్టినట్లు. రావుగారు పదునొకండేండ్ల ప్రాయమున నుండగా తండ్రి లీలావతి లెక్కల పుస్తకము నిచ్చి, దినమునకు అయిదు నుండి పది లెక్కలు చేయుమనిరట. తల్లి లక్ష్మీకాంతమ్మగారు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపము వెలిగించెడివారు. దీపమును వెలిగించినది తల్లియే. కాని ఆ వెలుగులో చదివినది కుమారుడు.

ఇట్లు సాధన చేసినవాడు పరీక్షాగదిలో చిక్కులెక్క యెదురైనను బెదరడు. దానిని కొంతసేపు విడిచి, వచ్చిన లెక్కలు ముగించి, మరల దానికడకు వచ్చును. ఇచ్చినదేమి, అడిగినదేమి, ఈయనిదేమి అని తన్ను తానే ప్రశ్నించుకొనును. తెలిసిన మెట్టువరకు వ్రాయును; తుది జవాబు రాకున్నను సరియైన మెట్టులకు మార్కులు దక్కును. అక్కడ గురువు లేడు, మిత్రుడు లేడు, పుస్తకము లేదు. అయినను వారి వలన నేర్చిన ప్రశ్నలు అతని వెంట నుండును. ఒకనాడు ఇతరుల నడిగిన ప్రశ్నను పిమ్మట తన్ను తానే అడుగ నేర్చుటయే, పొందిన సాయమునకు ఫలము.